పచ్చగా చూపిస్తే సరిపోతుందా?

“అత్తా, పనిలో ఉండావా?” అని గోడవతల నుంచి పిలుపొచ్చిందంటే పక్కింటి అమ్మాయి అంబత్తూరు నుంచి ఇల్లు చేరిందని లెక్క. తిరుత్తణి లోకల్ దిగి, కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసు గోడమీద పెట్టుకుని ఆఫీసు సంగతులు మొదలుపెడుతుంది. వాళ్లమ్మకి ఆ మాటలు పట్టవు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులోనే ఇన్నేళ్లూ పనిచేసిన దాన్ని గనక నా దగ్గర చెప్పుకుంటుంది.

మొన్న సాయంత్రం కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు. వాళ్ల టీము తిరువళ్లూరులో ఒక చీరల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తోంది. కొన్నవాళ్ల పేరు బిల్లు మీద తమిళంలో కావాలంటే తమిళంలో, తెలుగులో కావాలంటే తెలుగులో పడాలి. మా వైపు ఇది సరదాకి అడిగేది కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. రాష్ట్రం మారిందేగానీ చాలా ఇళ్లలో మాట మారలేదు. నగరి, పుత్తూరు నుంచి పెళ్లి చీరలకి దిగేవాళ్లు సరేసరి.

‘లక్ష్మి’ అని ఇస్తే బిల్లు మీద ‘లక్ష్మి’ అనే పడిందా అని చూసే టెస్టు ఒకటి రాసిందట. తన ల్యాప్‌టాప్‌లో పాసు. రాత్రిళ్లు టెస్టులన్నీ నడిపే కొత్త సర్వర్‌లో ఫెయిలు. అక్కడ ‘లక్‌ష్‌మి’ అని, వత్తులు కిందికి దిగకుండా పొల్లులతో పడుతోంది.

“పొద్దున కొట్టువాళ్లకి రిపోర్టు పంపాల, ఎట్టైనా పచ్చగా చూపించు అన్నాడత్తా మా లీడు. ట్రై పెట్టి, ఎర్రర్ ఏదొచ్చినా మింగేసేటట్టు రాసినాను. పాసైపొయ్యింది. మనసుకి మాత్రం బాగలేదు.”

“బాగలేకపోవడమే మంచిది తల్లీ. ఆ రెండు లైన్లూ ముందు తీసెయ్” అన్నాను.

తను చేసిన పని టెస్టు చేత అబద్ధం చెప్పించడం. ఫెయిలైన టెస్టు కనీసం ఒక కబురు చెబుతుంది. అబద్ధపు పాసు ఆ కబురుని కూడా పూడ్చేస్తుంది, ఆర్నెల్ల తర్వాత దాన్ని తవ్వి తీసేవాళ్లు ఉండరు.

“మరి నడిపే వీలే లేనప్పుడు ఏం చెప్పాల?” అంది.

“రెండు నెలలకోసారి ఈబీ ఆయన కరెంటు రీడింగుకి వస్తాడు గదా. ఇంటికి తాళం ఉంటే సున్నా యూనిట్లని రాస్తాడా? డోర్ లాక్ అని రాసుకుని పోతాడు. టెస్టుకి కూడా ఆ మూడో మాట ఉంది.”

ఆ మూడో మాట మొదటినుంచీ లేదు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా పోతూ విమానంలోనే, టెస్టులు నడిపించే జేయూనిట్‌కి తొలిరూపం రాశారు. టెస్టు నడుస్తూ ఉండగా ‘ఇక్కడ పరిస్థితి అనుకూలంగా లేదు, నన్ను లెక్కలోకి తీసుకోకండి’ అని చెప్పే దారి అందులో 2007లో, 4.4తో గానీ రాలేదు. అస్యూమ్ అంటారు దాన్ని. ఎన్‌యూనిట్‌లో ఇగ్నోర్, ఇన్‌కంక్లూజివ్ అని రెండున్నాయి. ఈ అమ్మాయి వాడే పైటెస్ట్‌లో స్కిప్. కారణం కూడా రాసి పిలిస్తే టెస్టు ఆ లైను దగ్గరే ఆగి, రిపోర్టులో ఆ కారణంతో సహా పడుతుంది.

ఆగడం ఎలా ఆగుతుందో తెలుసుకుంటే మింగేసే కోడు ఎంత చేటో అర్థమవుతుంది. స్కిప్ కూడా లోపల ఒక ఎక్సెప్షనే. టెస్టు దాన్ని విసురుతుంది, నడిపించే ప్రోగ్రాం పట్టుకుని ‘స్కిప్’ అని రాసుకుంటుంది. మధ్యలో పేరూ ఊరూ లేని ఉత్త ఎక్సెప్ట్ పెడితే అది దీన్నీ మింగేస్తుంది. ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ అని రాస్తే పైటెస్ట్ స్కిప్ దాన్ని దాటుకుని పోతుంది. ఎన్‌యూనిట్, జేయూనిట్‌లలో అంత మాత్రం కూడా నమ్మడానికి లేదు, అక్కడ మామూలు క్యాచ్‌కే చిక్కుకుంటాయి.

“అయితే స్కిప్ పెట్టేస్తా” అంది హుషారుగా.

“ఆగు. ఆ వత్తు ఎందుకు విరుగుతోంది?”

బిల్లు బొమ్మ గీసేది పిల్లో లైబ్రరీ. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చాలంటే దానికి రక్మ్ అనే తోడు కావాలి. రక్మ్ పిల్లోతోనే వస్తుంది గానీ, ఫ్రిబిడి అనే ఇంకొక లైబ్రరీ మిషన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. అది లేదనుకోండి, పిల్లో పేచీ పెట్టదు, సాదా పద్ధతిలో అక్షరం పక్కన అక్షరం పేర్చేసి ఊరుకుంటుంది. ఇంగ్లీషు వాళ్లకి తేడా తెలియదు. తెలుగు విరిగిపోతుంది. రక్మ్ ఉందో లేదో అడిగే ఫంక్షన్ పిల్లోలోనే ఉంది, లేకపోతే స్కిప్ చేయమని పిల్లో సొంత టెస్టుల్లోనే రాసుకున్నారు.

ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఫ్రిబిడి లేకపోతే స్కిప్ న్యాయమే. రాత్రి సర్వర్ సంగతి వేరు. అమ్మాయిని అడిగితే తేలింది, రేపు కొట్టులో పెట్టబోయేది కూడా ఆ సర్వర్ ఇమేజేనట! అంటే ఆ ఎరుపు నిజం. కొట్టుకొచ్చిన ప్రతి లక్ష్మికీ పేరు విరిచి ఇవ్వబోతున్నారన్నమాట. ఆ మిషన్‌కి స్కిప్ చెప్పే హక్కు లేదు. పైగా పైటెస్ట్ స్కిప్‌ని తప్పుగా లెక్కపెట్టదు. టెస్టులన్నీ స్కిప్ అయినా చివర సున్నా కోడే ఇస్తుంది, సర్వర్ బోర్డు మీద పచ్చే కనిపిస్తుంది.

అందుకని గోడమీదే కాగితం పెట్టి రాసిచ్చాను. ముందు రక్మ్ ఉందా అని అడుగు. లేకపోతే సీఐ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూడు. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటివి దాన్ని వాటంతటవే పెడతాయి, మీ సర్వర్‌లో లేకుంటే మీరే పెట్టుకోండి. అది ఉంటే ఫెయిల్, లేకుంటే స్కిప్. ఒకే టెస్టు, ఎక్కడ నడుస్తోందో చూసుకుని తీర్పు మార్చుకుంటుంది. కారణంలో ‘ఫ్రిబిడి లేదు’ అని తేటగా ఉండాలి, చదివినవాడు అక్కడికక్కడే దాన్ని ఎక్కించుకోవాలి.

పొడుగు పేరు రెండో వరసకి దిగినప్పుడు ఇంటిపేరు తెగిపోతోందని ఇంకొక తెలిసిన లోపం కూడా ఉందట, వచ్చే నెల సరిచేస్తారట. దానికి ఎక్స్‌ఫెయిల్ మార్కు పెట్టమన్నాను, స్ట్రిక్ట్ అని చేర్చి. టెస్టు లోపల ఎక్స్‌ఫెయిల్‌ని పిలిస్తే అక్కడే ఆగిపోతుంది, లోపం పోయినా తెలియదు. మార్కు పెడితే చివరిదాకా నడుస్తుంది. లోపం సరిచేసిన రోజున స్ట్రిక్ట్ వల్ల ఫెయిలై, మార్కు తీసేయమని తనే అరుస్తుంది.

నిన్న లీడుకి ‘లక్‌ష్‌మి’ బిల్లు ఫోటో చూపించిందట. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా ఇమేజిలో ఫ్రిబిడి చేర్పించాడు, రిపోర్టు ఒక పూట ఆలస్యంగా వెళ్లింది.

“ఇంకొకటత్తా, బిల్లు ప్రింటర్ టెస్టులు? సర్వర్‌కి ప్రింటర్ ఎక్కడుంటాది?”

అవి సర్వర్‌లో స్కిప్ కావాల్సినవే. కాకపోతే ప్రింటర్ ఉన్న మిషన్ ఒక్కటైనా వాటిని నడపాలి. ఆఫీసులో ఒకటుందట. ఆడికృత్తికకి తిరుత్తణి కొండకొచ్చే జనంతో కొట్టు నిండకముందే ఆ మిషన్‌ని వరసలో పెట్టించి, వారం వారం స్కిప్ జాబితా చదివే పని తనే తీసుకుంటానంది.