ఇది ఎవరు వేసుకుంటారు?

ఫ్యాషన్ డిజైనర్లు పోటీపడే టీవీ షో ‘ప్రాజెక్ట్ రన్‌వే’ చూసేవాళ్ల నోట తరచూ వచ్చే మాట, ‘ఇది ఎవరు వేసుకుంటారు?’ ఆ ఒక్క మాటతో డ్రెస్సును కొట్టిపారేయడం అన్యాయం అంటాను. 2004లో వచ్చిన మొదటి పోటీలో డిజైనర్లకు 50 డాలర్లిచ్చి సూపర్‌మార్కెట్‌కి పంపారు. అక్కడ దొరికినవాటితోనే డ్రెస్ తయారు చేయాలి. ఆస్టిన్ స్కార్లెట్ మొక్కజొన్న పొత్తుల మీది పొరలు ఒలిచి, వాటితో డ్రెస్ చేసి గెలిచాడు. ఆ పొర ఆరితే ముడుచుకుపోతుంది, సూది గుచ్చితే నిలువునా చీలుతుంది. అలాంటిదాన్ని ఒంటికి అతికినట్టు అమర్చి, నడిచినా ఊడకుండా నిలబెట్టడం ఎంత పనితనం! దాన్ని పట్టుకుని పెళ్లికి వేసుకెళ్లగలమా అని అడిగితే ఏం లాభం? పైగా జడ్జీలు బట్టను దగ్గరికి రప్పించుకుని అంచులు, కుట్లు చూస్తారు. మనకు దక్కేది కెమెరా చూపించిన కొన్ని క్షణాలే.

బట్టలున్నది వేసుకోవడానికేగా, ఆ మాత్రం అడిగే హక్కు మాకు లేదా అంటారు. ఉంది. ఒంటి కొలతల దగ్గరైతే ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయం. ఏళ్ల తరబడి ఆ ర్యాంప్ మీద నడిచిన మోడల్స్‌లో దాదాపు అందరూ సన్నటివాళ్లే. 2015లో యాష్లీ నెల్ టిప్టన్ లావుగా ఉన్న ఆడవాళ్ల కోసం కలెక్షన్ చేసి గెలిచింది. 2017 సీజన్‌లో సైజు 0 నుంచి 22 దాకా మోడల్స్‌ని తీసుకున్నారు. ఛాతీ దగ్గర డార్ట్, అంటే బట్ట ఒంటికి అమరేలా వేసే మడత కుట్టు, ఎక్కడ పడాలి, నడుము కుట్టు ఎక్కడ ఆగాలి అన్నది ఇక ప్రతి ఒంటికీ కొత్తగా లెక్కేసుకోవాల్సిందే. అది చేతకాని డిజైనర్ ఎవరో ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి కూడా ఇట్టే తెలిసిపోతుంది.