పాలో ఆల్టోలో ఒక పూట

నేను ఇంజనీరింగు చదివే రోజుల్లో మా కళాశాల గ్రంథాలయంలో రేడియో శాస్త్రానికి ఒక లావుపాటి పుస్తకం ఉండేది. దాని అసలు పేరు ఎవరమూ పలికేవారం కాము. రాసినాయన పేరే పుస్తకానికి పేరు. "టెర్మన్ ఎవరి దగ్గర ఉందిరా?" అని అడిగేవారం. ఉన్నవి రెండు ప్రతులు, చదవవలసినవారం ముప్ఫైమందిమి. అట్ట ఊడి, దారంతో కుట్టిన ఆ పుస్తకంతోనే పరీక్ష గట్టెక్కాను. తరువాత బరంపురంలో చాలాకాలం దానితోనే పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ టెర్మన్ ఏ ఊరివాడో, ఎటువంటివాడో ఆలోచించిన పాపాన పోలేదు.

గడచిన వేసవిలో మా అబ్బాయి ఇంటికి కాలిఫోర్నియా వెళ్లాను. టెర్మన్ గారి ఊరు పాలో ఆల్టో అక్కడికి దగ్గరేనని తెలిసి, చూపించమన్నాను. "అక్కడ చూడడానికి ఏముంది నాన్నా? విశ్వవిద్యాలయమూ, ఒక పాత కారు షెడ్డూ" అన్నాడు. ఆ రెండూ చాలునన్నాను. ఒక ఆదివారం ఉదయం మనుమరాలితో సహా బయలుదేరాము.

ముందుగా స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం చూచాము. పసుపుపచ్చని ఇసుకరాతి గోడలు, ఎర్రపెంకుల కప్పులు, వరుసగా కమానుల వసారాలు. మన పాత మఠాల నీడ జ్ఞాపకం వచ్చింది. ఇది పుట్టింది ఒక పుత్రశోకంలో. రైలుమార్గాల మీద కోట్లు గడించిన లీలాండ్ స్టాన్‌ఫర్డుకు ఒక్కడే కొడుకు. ఆ పిల్లవాడు 1884లో పదిహేనేళ్ల వయసున ఇటలీలో టైఫాయిడుతో పోయాడు. ఆ బిడ్డ పేరు నిలపాలని తల్లిదండ్రులు 1885లో ఈ సంస్థను స్థాపించారు; 1891లో తరగతులు మొదలయ్యాయి. ఎనిమిదివేల ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చి, దానిని ఎన్నటికీ అమ్మరాదని షరతు పెట్టారు. ఈ షరతు ముందు కథలో ఎంత పని చేసిందో చూడండి.

ఫ్రెడరిక్ టెర్మన్ 1900లో పుట్టారు. తండ్రి అక్కడే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు గనుక, కుర్రవాడు ఆ ఆవరణలోనే పెరిగాడు. స్టాన్‌ఫర్డులో చదివి, ఖండానికి ఆవలి కొసనున్న మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1924లో డాక్టరు పట్టం పుచ్చుకున్నాడు. అక్కడే ఉద్యోగమూ సిద్ధంగా ఉంది. సెలవులకు ఇంటికి వచ్చినవాడు క్షయతో మంచం పట్టాడు. గుండెలమీద ఇసుక సంచులు పెట్టుకొని నెలల తరబడి కదలకుండా పడుకోవలసి వచ్చింది. లేచిన తరువాత దూరాభారం వద్దనుకొని స్టాన్‌ఫర్డులోనే పాఠాలు చెప్పసాగాడు. నేను చదివిన పుస్తకానికి మూలమైన మొదటి గ్రంథం 1932లో వెలువడింది.

ఆ రోజుల్లో అక్కడ చదివిన చురుకైన పిల్లలందరూ ఉద్యోగాలకు తూర్పు రాష్ట్రాలకు పోయేవారు. పెంచి పెద్దచేసిన మొక్కలన్నీ ఎవరి తోటకో పోతున్నాయని ఈ ఆచార్యునికి బెంగ. విద్యార్థులను వెంటబెట్టుకొని చుట్టుపక్కలున్న చిన్న చిన్న రేడియో కార్ఖానాలు చూపించేవారు. ఇటువంటివి మీరూ పెట్టవచ్చునని చెప్పేవారు. 1934లో పట్టం పుచ్చుకున్న డేవిడ్ పాకార్డ్ అనే శిష్యుడు న్యూయార్కు రాష్ట్రంలో జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో కుదిరిపోయాడు. టెర్మన్ గారు 1938లో ఒక చిన్న ఉపకార వేతనం ఏర్పాటుచేసి, ఆ శిష్యుణ్ణి వెనక్కి పిలిపించారు. విలియం హ్యూలెట్ అనే సహాధ్యాయితో జత కలిపారు.

ఆ ఇద్దరూ పనిచేసిన కారు షెడ్డును ఆ మధ్యాహ్నం చూచాము. ఆడిసన్ వీధిలో 367వ నెంబరు ఇల్లు. లోపలికి ఎవరినీ పోనివ్వరు గనుక కాలిబాట మీదనుండే చూడాలి. ఇంటి వెనుక, దారి చివరన, చెక్క తలుపులతో మన ఎడ్లబండి పట్టేపాటి షెడ్డు. నిడివి పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. పాకార్డ్ దంపతులు అద్దె ఇంటి కింది భాగంలో, హ్యూలెట్ పెరటిలోని చిన్న కొట్టంలో కాపురం. పెట్టుబడి 538 డాలర్లు.

వారి మొదటి సరుకు శబ్ద తరంగాలను పుట్టించే ఆసిలేటరు. హ్యూలెట్ పట్టం కోసం చేసిన పరిశోధనే దానికి మూలం. అందులోని కిటుకు ఒక చిన్న విద్యుద్దీపం! తరంగం జోరెక్కితే దీపపు తీగ వేడెక్కుతుంది. వేడెక్కిన తీగ విద్యుత్తుకు ఎక్కువ అడ్డు పడుతుంది. దానితో జోరు తనంత తానే తగ్గుతుంది. బజారులో కొన్న చవక దీపం పెద్ద పెద్ద పరికరాలు చేసే పని చేసింది. వాల్ట్ డిస్నీ కంపెనీవారు 'ఫాంటాసియా' చిత్రంకోసం ఇటువంటివి ఎనిమిది కొన్నారు. 1939లో కంపెనీకి పేరు పెట్టేటప్పుడు ఎవరి పేరు ముందుండాలో తేల్చడానికి నాణెం ఎగురవేశారట. హ్యూలెట్ పేరు ముందు పడింది.

యుద్ధకాలంలో టెర్మన్ గారు హార్వర్డులో, శత్రువుల రాడారులను తికమకపెట్టే ప్రయోగశాలకు అధిపతిగా పనిచేశారు. తిరిగివచ్చి ఇంజనీరింగు శాఖకు డీన్ అయ్యారు. 1955 నుండి పదేళ్లు ప్రోవోస్టు, అనగా విద్యా వ్యవహారాలన్నిటికీ పెద్ద. ఇక్కడ ఆ షరతు అక్కరకు వచ్చింది. భూమి అమ్మరాదు గాని దీర్ఘకాలపు కౌలుకు ఇవ్వవచ్చును గదా! 1951లో విశ్వవిద్యాలయం భూమిలోనే ఒక పారిశ్రామిక వాడ మొదలయింది. వేరియన్ సోదరుల కంపెనీ మొదటి కౌలుదారు. 1954 నుండి కంపెనీలలో పనిచేసే ఇంజనీర్లు ఉద్యోగం మానకుండానే అక్కడ పై చదువు చదివే వీలు కల్పించారు. 1956లో ట్రాన్సిస్టరు సృష్టికర్తలలో ఒకరైన షాక్లీ సమీపాన కార్ఖానా పెట్టాడు. టెర్మన్ గారి ప్రోత్సాహం ఒకటి, వృద్ధురాలైన తల్లి ఆ ఊళ్లోనే ఉండటం మరొకటి. మరుసటి యేడే అందులోనుండి ఎనిమిదిమంది విడిపోయి ఫెయిర్‌చైల్డ్ కంపెనీ పెట్టారు. వారిలో ఇద్దరు 1968లో ఇంటెల్ స్థాపించారు. అలా ఊడలు దిగిన మర్రి అయింది.

అంతా ఒక్క మనిషి ఘనతే అనుకోరాదు. సైన్యం వెచ్చించిన ధనం పుష్కలంగా పారింది. ఆ పరిశోధనలు మానాలని 1969లో విద్యార్థులే ప్రయోగశాలలో బైఠాయించారు. పూర్వం ఆ లోయంతా పండ్లతోటలట. ఇప్పుడవి చాలావరకు లేవు. కార్ఖానాల రసాయనాలు భూగర్భ జలంలో కలిసిన చోట్లు ఇరవై పైన ఉన్నాయి. ఇళ్ల ధరలు ఎంత పెరిగాయంటే, అక్కడ పుట్టిన పిల్లలకే అక్కడ ఇల్లు కొనే తాహతు లేదు. పిల్లలు ఊరు విడువరాదని కోరిన ఆచార్యుని ఊరిలోనే ఇది జరిగింది. ఆయన 1982లో కాలం చేశారు. ఆయన పేర 1977లో కట్టిన భవనాన్నీ తరువాత పడగొట్టారు. ఒక ఫౌంటెన్ మిగిలింది.

షెడ్డు ముందు శిలాఫలకం ఉంది. తూర్పుకు పోకుండా ఇక్కడే సొంత కంపెనీలు పెట్టుకొండని శిష్యులను ప్రోత్సహించిన ఆచార్యుడే ఈ ప్రాంతానికి ఆద్యుడని దాని సారాంశం. మనుమరాలు చదివి, "తాతయ్యా, మీరూ మాస్టారే గదా! మీ పిల్లలకి కూడా షెడ్డు ఉందా?" అని అడిగింది.

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఒక శిష్యుడు జ్ఞాపకం వచ్చాడు. కరెంటు తగ్గినప్పుడు నీళ్లమోటారు కాలిపోకుండా దానంతట అదే ఆపే పెట్టె ఒకటి తయారుచేశాడు. వాళ్ల మేనమామ పొలంలో బిగించి చూపించాడు. "మాస్టారూ, ఇక్కడే చిన్న షెడ్డు వేసుకొని ఇవి చేస్తే ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. "పిచ్చి ఆలోచనలు మాని ఉద్యోగం చూసుకో" అన్నాను. బొంబాయికి సిఫారసు ఉత్తరం నేనే రాసిచ్చాను. కుర్రవాడు వెళ్లాడు, బాగుపడ్డాడు, మరి తిరిగి రాలేదు. అటువంటి ఉత్తరాలు ఎన్ని రాశానో లెక్కలేదు. ఎంత దూరం పంపిస్తే అంత గొప్ప అనుకున్నాను. మా అబ్బాయికి రాసింది అందులో ఒకటి.

పోయేవాళ్లు పోవద్దనడం లేదు. మన తాతలు కదలకపోతే మనం ఈ ఊళ్లలో ఉండేవాళ్లమా? అయితే ఉండాలని అడిగినవాణ్ణి కూడా పంపించివేశాను. ఆ ఆచార్యుడు పోయినవాణ్ణి పిలిపించాడు. ఇద్దరికీ తేడా విద్యలో లేదు.

తిరిగి వచ్చిన వారంలోనే మా పెరటి కొట్టంలోని పాత సైకిళ్లు, విరిగిన కుర్చీలు తీయించి సున్నం వేయించాను. బల్ల ఉంది, కరెంటు ఉంది. నాకు వచ్చిన రెండు ముక్కలు చెప్పడానికి ఓపికా ఉంది. మన సంఘ సభ్యులలో ఎవరి పిల్లలకైనా పనికివస్తే, సాయంకాలం నాలుగు దాటిన తరువాత వచ్చి తాళంచెవి అడగవచ్చును.