రెంటచింతలలో రెండు రకాతులు

మే నెలలో రెంటచింతల వెళ్తున్నామంటే కుర్మన్నపాలెంలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా నవ్వాడు. ఎండాకాలం వార్తల్లో తప్ప ఆ ఊరి పేరు ఎవరికి గుర్తొస్తుంది! కానీ మా బేగం మాయకా అదే. పల్నాటి నాపరాళ్ల మీద పుట్టి పెరిగిన మనిషి.

రిటైరయ్యాక నేను చేసిన ఒకే ఒక షౌక్ పని, సెకండ్ హ్యాండ్ మారుతి ఓమ్ని కొనడం. గాజువాకలో ఒక వడ్రంగితో వెనక సీట్లు తీయించి, చెక్క బల్ల వేయించి, దాని మీద దూది పరుపు పరిచాం. బల్ల కింద చిన్న గ్యాస్ స్టవ్, నీళ్ల క్యాను, లోటా, దస్తర్‌ఖాన్, రెండు జానమాజులు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఆస్ట్రేలియాలో రిటైరైన మియా-బీబీలు కారవాన్‌లు కట్టుకుని, ఎండకు మాడిపోయే చిన్న చిన్న ఊళ్ల మీదుగా నెలల తరబడి తిరుగుతారట. వాళ్లని గ్రే నోమాడ్స్ అంటారట. "అబ్బా, మీరూ అంతే అయిపోయారు" అన్నాడు. కారవాన్ అన్నది మన మాటే బేటా అన్నాను. ఫార్సీ కార్వాన్, తెలుగులో బిడారు. హైదరాబాద్‌లో కార్వాన్ మొహల్లా పేరు ఊరికే రాలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం వన్‌టౌన్‌లో దర్గా కొండ ఎక్కాం. ఇస్హాఖ్ మదీనా బాబా దర్గా దగ్గర నిలబడితే కింద ఓడలు హార్బర్‌లోకి వచ్చే కాలువ కనిపిస్తుంది. (దర్గాలకు వెళ్లొచ్చా లేదా అని నాతో బహస్ చేసేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, మీరు ఆగండి.) మా అబ్బాజాన్ ఆ పోర్టులో కళాసీ. ఖలాసీయే ఇక్కడివాళ్ల నోట కళాసీ అయింది. పోర్టు 1933లో తెరిచారు, ఆయన ఆ తరవాతి తరం. నేను స్టీల్ ప్లాంట్‌లో 33 సంవత్సరాలు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. నౌకరీ అయిపోయాక ఉక్కునగరం క్వార్టర్ తాళాలు అప్పజెప్పేశాం. బేగం పెంచిన కరివేపాకు చెట్టు అక్కడే ఉండిపోయింది.

ఫజ్ర్ చదివి బయల్దేరాం. ఓమ్నికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, అదొక ముసీబత్. తుని దాటేసరికి సీటు పెనం అయిపోయింది. రావులపాలెం దగ్గర గోదావరి బ్రిడ్జి మీద బేగం పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి నీళ్లలోకి విసిరింది. అది మన రివాజు కాదు కదా అన్నాను. "ఊరి రివాజు" అంది. మా బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఆ నదుల పేర్లతో ఉన్న నిప్పు దగ్గర జిందగీ గడిపాను గానీ, నది మీద బండి ఆపుకుని చూసింది లేదు. ఆ రోజు బ్రిడ్జి దిగాక ఆపి చూశాను.

జుహర్ అక్కడే ఒక మస్జిద్‌లో. జమాత్ అయిపోయింది, విడిగా చదువుకున్నాం, ఖసర్. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. హనఫీ లెక్కలో సుమారు 78 కిలోమీటర్లు దాటే సఫర్‌కి నియ్యత్ చేసి, ఊరి ఆబాదీ దాటితే మనిషి ముసాఫిర్. జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులు రెండే అవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ అలాగే ఉంటాయి. ముఖీమ్ ఇమామ్ వెనక నిలబడితే మాత్రం నాలుగూ చదవాలి. వెళ్లిన చోట పదిహేను రోజులు ఉండే నియ్యత్ ఉంటే ఖసర్ లేదు.

రాత్రి హనుమాన్ జంక్షన్ దగ్గర పెట్రోల్ బంకులో పడుకున్నాం. మర్నాడు విజయవాడ వారధి, గుంటూరు, నరసరావుపేట. పిడుగురాళ్లలో సున్నం బట్టీల తెల్లదుమ్ము అద్దం మీద పేరుకుంది. గురజాల దాటాక బేగం కొంగు సర్దుకుని కూర్చుంది, బడికి వెళ్లే పిల్లలా.

ఫర్నేసులో కరిగిన ఇనుము సుమారు 1500 డిగ్రీలు. దాని పక్కన నిలబడ్డవాడికి ఎండ ఒక లెక్కా అనుకునేవాణ్ణి. ఫర్నేస్ వేడికి ఒక దిక్కు ఉంటుంది, పక్కకి జరిగితే తప్పించుకోవచ్చు. పల్నాటి వేడికి దిక్కు లేదు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి నాపరాయి, గోడ నానుకుంటే గోడ. మధ్యాహ్నం రెంటచింతల వీధిలో కుక్క కూడా లేదు. శ్రీనాథుడు ఈ సీమని చాటుపద్యాల్లో తిట్టిపోశాడని చదివాను. పాపం, ఆయన ఏ నెలలో వచ్చాడో.

ఇంటి ముందు వేపచెట్టు కింద బండి పెట్టాం. భాభీ మొహం చిన్నబోయింది. "ఇంట్లో జాగా లేదా, బండిలో పడుకుంటారా?" అంది. లేదమ్మా, ఆ రేకుల డబ్బాలో పడుకుంటే కబాబ్ అయిపోతాం అని నవ్వించాను. భాయ్‌సాబ్ పోయి సంవత్సరం దాటింది. ఆయన మంచం ఇంకా వరండాలోనే ఉంది.

బేగం కూజాలో నీళ్లు తాగి, వజూ చేసుకుని, లోపలి గదిలో జానమాజ్ పరిచింది. నేను ఎంత బేవకూఫ్‌నంటే, "మూడు రోజులే కదా, జుహర్ రెండే" అన్నాను.

"ఇది నా ఇల్లు" అంది. "అమ్మీ నాకు నమాజ్ నేర్పింది ఈ రాయి మీదే. నాలుగు చదువుతాను."

బహస్ వద్దని మొబైల్‌లో మౌల్వీ సాబ్‌ని అడిగాం. ఆయన అడిగింది ఒకటే. షాదీ అయి వేరే ఊళ్లో స్థిరపడ్డారా, మళ్లీ ఇక్కడ ఉండే ఇరాదా ఉందా? లేదు. అయితే మాయకా ఇప్పుడు వతన్-ఎ-అస్లీ కాదు, ఖసర్ చదవండి అన్నారు.

బేగం నావైపు చూసి, "తో మై యహా ముసాఫిర్ హూ క్యా?" అంది. జవాబు కోసం ఆగలేదు. రెండు రకాతులు చదివి సలామ్ తిప్పింది. తరవాత చాలాసేపు లేవలేదు. నాపరాయిని అరచేత్తో రాస్తూ కూర్చుంది. మసలా చెప్పినందుకు నాకేమీ సవాబ్ వచ్చినట్టు అనిపించలేదు.

అసలు మేం వచ్చిన పని వేరే. ఇల్లు అమ్ముతున్నారు. మిర్చి పంట, బోర్లు, వాటి అప్పులు. పిల్లవాడు మంచివాడే. సాయంత్రం తల దించుకుని కాగితం తెచ్చాడు. "ఫుప్పూ, ఇక్కడ ఒక దస్తఖత్." ఆమె తన హిస్సా వదులుకుంటున్నట్టు రాసుంది. మన ఇళ్లలో మామూలేగా. చెల్లెలు రాఖీ కట్టకపోయినా హిస్సా మాత్రం మాఫ్ చేయాలి.

ఇక్కడ నా గునాహ్ ఒప్పుకోవాలి. నెల క్రితం వాడు ఫోన్ చేసినప్పుడు, "మీ ఫుప్పు పెడుతుందిలే బాబూ" అని మాటిచ్చింది నేనే. ఆమెని అడగలేదు. మనకి పెన్షన్, పీఎఫ్ ఉన్నాయిగా అనుకున్నాను. మనకి అంటే నాకు.

బేగం కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. మడిచి వాడి చేతికే ఇచ్చింది.

"నమాజ్ తగ్గించుకునే ఇజాజత్ అల్లాహ్ ఇచ్చాడు బేటా. హిస్సా తగ్గించుకోమని నాకెవరూ చెప్పలేదు."

సూరె నిసాలో రాసిందే. కొడుకుకి ఇద్దరు కూతుళ్లంత. ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇంట్లో అమ్మీ-అబ్బాల ఆస్తి మూడు వంతులైతే ఒక వంతు ఆమెది. భాభీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నావైపు చూశాడు. నేను వేపచెట్టు వైపు చూశాను. చివరికి, "మీ ఫుప్పు చెప్పిందే సహీ. నేను చెప్పింది గలత్" అన్నాను. అంత చిన్న వాక్యానికి గొంతు ఎండిపోయింది.

ఆ రాత్రి నవారు మంచాలు బయట వేసుకున్నాం. పదకొండింటికి కూడా నేల సెగలు కక్కుతోంది. అత్తా కోడళ్లు కాదు, వదినా మరదళ్లు అర్ధరాత్రి దాకా ఏదో గుసగుసలాడారు, మధ్యలో ఏడుపు, మధ్యలో నవ్వు. తెల్లారేసరికి ఫైసలా అయింది. ఇల్లు అమ్మగానే అప్పులవాళ్లకి ముందు ఇవ్వాలి. ఫుప్పు హిస్సా మాత్రం రెండు పంటల్లో, వీలైనప్పుడల్లా. కొత్త కాగితం మీద అది రాశారు. అప్పుడు సంతకం పెట్టింది. ఆ డబ్బుతో ఏం చేస్తావని నేను అడగలేదు. అడిగే హఖ్ లేదని కాదు, భయం.

వచ్చేటప్పుడు భాభీ ఒక చిన్న నాపరాయి పలక, గోనెసంచిలో చుట్టి బండిలో పెట్టింది. పరుపు కింద అది గుచ్చుకుంటూనే ఉంది దారి పొడుగునా.

మూడోరోజు రాత్రి అనకాపల్లి చేరాం. దూరంగా, మా ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. నేను గేరు మార్చి హుషారుగా వెళ్లబోతే బేగం చెయ్యి పట్టుకుంది.

"అజీ, బండి ఆపండి. ఇషా ఇక్కడే చదివేద్దాం."

"ఇంకో అరగంటలో ఇల్లే కదా."

"అందుకే. ఇంటికెళ్తే నాలుగు. నాకు నడుం నొప్పి."