చెరువుకట్టకు ఫొటో ఎందుకు?

స్కాట్లండ్‌లోని డండీలో మా ఇంటికి దగ్గర్లోనే టే నది, దాని మీద రైలు వంతెన. వంతెన పక్కన నీళ్లలోంచి మొండి దిమ్మెలు వరసగా తేలి కనిపిస్తాయి. అవి 1878లో తెరిచిన పాత వంతెనవి. మరుసటి ఏడాది డిసెంబరు 28 రాత్రి గాలివానకు ఆ వంతెన రైలుతో సహా నదిలో కూలింది. రైల్లో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. విచారణ సంఘం ఊళ్లోనే ఉన్న వాలెంటైన్ కంపెనీ చేత విరిగిన స్తంభాలన్నిటికీ ఫొటోలు తీయించింది. అడ్డకడ్డీలు బిగించిన చోట పోత ఇనుము ఎలా తెగిందో వాటిలో స్పష్టంగా కనబడుతుంది. గాలి తప్పెంత, పోత తప్పెంత అని ఇంజనీర్లు ఇప్పటికీ ఆ ఫొటోలనే పెద్దవి చేసి చూసి వాదించుకుంటున్నారు.

ఈ వాలెంటైన్ వాళ్లు తర్వాత స్కాట్లండ్‌లో చిన్నాపెద్దా ఊళ్లన్నిటినీ పోస్టుకార్డులకు ఎక్కించారు. కార్డు మూలన జె.వి. అనే పొడి అక్షరాలు, ఒక నంబరు ఉంటాయి. నంబరు పట్టుకుని వెతికితే ఆ బొమ్మ ఏ కాలానిదో తేలుతుంది. ఆ సంపదంతా సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇంకో ఫొటోగ్రాఫర్ జార్జ్ వాషింగ్టన్ విల్సన్ గాజు పలకల నెగటివ్‌లు అబర్డీన్‌లో ఉన్నాయి. గ్లాస్గోలో అయితే పడగొట్టబోయే ఇరుకు సందుల్ని 1868 నుంచి థామస్ అన్నన్ చేత ముందే ఫొటో తీయించారు. కూల్చేవాళ్లకే ఆ బుద్ధి పుట్టడం నాకు భలే నచ్చింది.

ఇవన్నీ చూశాక మా బుక్కపట్నం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? విజయనగరం బుక్కరాయల పేరు మోస్తున్న ఊరు. ఆరేడు వందల ఏళ్ల చెరువు, చిత్రావతి నీళ్లు. చిన్నాయనకు ఫోన్ చేసి, కట్ట పాత ఫొటో ఏమన్నా ఉందా అని అడిగితే నవ్వాడు.

"కట్టకు ఫొటో యాల నాయనా? అది యాడికన్నా పోతుందా?"

పెనుకొండ గగన్ మహల్‌కూ, లేపాక్షి బసవన్నకూ ఫొటోల కరువు లేదు. పక్కనున్న పుట్టపర్తిలో భక్తులు రాయినీ రప్పనూ వదల్లేదు. రాజులకూ దేవుళ్లకూ దక్కిన కెమెరా తూముకూ, సంతకూ, మగ్గానికీ దక్కలేదు.

విచిత్రం ఏమిటంటే, కెమెరా లేని రోజుల్లో మన సీమ ఊళ్ల కథలు రాయించినవాడు కూడా స్కాట్లండ్ వాడే. లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టిన కోలిన్ మెకంజీ, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. దత్త మండలాలను కొలుస్తూ, కావలి సోదరుల్లాంటి తెలుగు పండితుల చేత గ్రామ కైఫీయతులు సేకరింపజేశాడు. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది అన్న సంగతులు అందుకే కాగితం మీద మిగిలాయి. మెకంజీ పేరు అందరికీ తెలుసు. ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని రాసుకున్న మనవాళ్లను తలుచుకునేవాళ్లు తక్కువ.

రెండు రోజులకు చిన్నాయనే వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మా పెద్దమ్మ వాళ్లు పండగ బట్టల్లో కట్ట మీద నిలబడ్డారు. వెనక నీళ్లు కట్ట రాళ్లను ఆనుకుని ఉన్నాయి. ఏ సంవత్సరమో ఎవరికీ గుర్తు లేదు. పెద్దమ్మ చంకలో ఉన్న పిల్లాడి వయసును బట్టి ఎనభైల మొదట్లోది అయ్యుండాలని ఇంట్లో లెక్క తేల్చారు. నాకు మనుషులకంటే ఆ నీటి మట్టమే ఎక్కువ పనికొచ్చింది.

ఇలాంటివి మీ ఇళ్లలోనూ ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. హిందూపురం సంత, ధర్మవరం మగ్గాల వీధి, పెళ్లి ఊరేగింపు వెనక కనిపించే పాత బస్టాండు. ఈసారి ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ఫొటో వెనక ఊరు, చోటు, మనుషుల పేర్లు, తెలిసినంతలో సంవత్సరం పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను వద్దు, అచ్చు ముందు వైపుకు పడుతుంది.