కొలిచిన తరువాతే కొనాలి

పాత కారును కాపాడుకోవడం సంపన్నుల సరదా అని చాలామంది భావిస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా కోసం తయారైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను చూసినవారికి అలా తోచడం సహజమే. అయితే మా పాలంపేటలో ఒక పాత కారు ఒక ఇంటి గౌరవంతోనూ, ఊరి అవసరంతోనూ ముడిపడి ఉన్నది. ఆ వ్యవహారంలో కొంత బాధ్యత మాపై పడినందువల్ల, పాత ఇంజనుకు సరిపోయే విడిభాగాన్ని వెతకడమంటే ఏమిటో దగ్గరగా చూశాము. చూసినదాన్ని పాఠకుల ముందుంచడం ఉపయోగకరమని తలచాము.

మా పొరుగున ఉండే ఒక వితంతు సోదరి ఇంట్లో 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 కారు ఉన్నది. ఆమె భర్త జీవించి ఉన్నంతకాలం అది పేరుకే ఆయనది. అక్కరకు మాత్రం ఊరందరిదీ. అర్ధరాత్రి ప్రసవవేదన పడే స్త్రీని ములుగుకో, వరంగల్‌కో చేర్చవలసివస్తే, ఏ మతం, ఏ వాడ అని అడగకుండా ఆయన బండి తీసేవారు. ఆయన పోయిన తరువాత ఇంజను పొగ కక్కసాగింది, నూనె తాగసాగింది. పాత ఇనుము కొనే వ్యాపారి తూకం లెక్కన ధర కట్టాడు. ఆ సోదరి ఒప్పుకోలేదు. తన రెండు బంగారు గాజులు అమ్మి, ఆ పైకం మా చేతికిచ్చి, "మౌల్వీ సాబ్, బండి మళ్ళీ నడవాలి. ఇది మీ దగ్గర అమానతు" అన్నారు. అమానతు అన్న మాట విన్న తరువాత ఇక ప్రతి రూపాయికీ జవాబు చెప్పుకోవలసిందే.

హనుమకొండలోని ఒక వృద్ధ మెకానిక్ వద్దకు ఆమె కుమారుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాము. ఏయే భాగాలు కొనాలో చెప్పమని అడిగితే ఆ ఉస్తాద్ నవ్వి, "ఇప్పుడే ఏదీ కొనకండి మౌల్వీ సాబ్. ముందు ఇది ఏ ఇంజనో చూద్దాం" అన్నారు.

అంబాసిడర్ అంటే ఒకటే కారు అనుకున్నవారికి ఆ ప్రశ్న వింతగా తోచవచ్చు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన ఈ కారు 2014 మే వరకు తయారైంది. పైకి రూపం దాదాపు అదే. లోపలి గుండె మాత్రం మారుతూ వచ్చింది. తొలి బండ్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. దాని సిలిండరు వ్యాసం 73.5 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు; కంటికి ఆనదు, ఇంజనుకు మాత్రం తెలుస్తుంది. 1990లలో జపాను ఇసుజు సంస్థ రూపొందించిన 1817 సీసీ ఇంజను వచ్చింది. దాని వ్యాసం 84 మిల్లీమీటర్లు. ఇవిగాక డీజిల్ ఇంజనులు వేరు. కనుక దుకాణానికి పోయి "అంబాసిడర్ పిస్టన్ ఇవ్వండి" అనడం, మందుల దుకాణంలో "జ్వరానికి మాత్ర ఇవ్వండి" అన్నట్టే.

మాది 1489 సీసీ పెట్రోలు ఇంజను అని తేలింది. అయినా వెతుకులాట ముగియలేదు. అరిగిన సిలిండరును మళ్ళీ కోరతారు. అప్పుడు రంధ్రం కొంచెం పెద్దదవుతుంది, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టన్ కావాలి. అంగుళంలో వెయ్యోవంతును మెకానిక్కులు "థౌ" అంటారు. పది, ఇరవై, ముప్పై, నలభై థౌల మెట్లుగా ఈ పిస్టన్లు దొరుకుతాయి. మా బండి పిస్టన్ తలపై ఇరవై అంకె కనిపించింది. అంటే ఇదివరకే ఒకసారి కోరారు. ఉస్తాద్ బోర్ గేజ్‌తో నాలుగు సిలిండర్లనూ పైన, నడుమ, కింద కొలిచి, ముప్పైకి కోరితే చాలునని నిశ్చయించారు. క్రాంకు షాఫ్టు సంగతి ఇందుకు విరుద్ధం: దాన్ని సానపడితే సన్నబడుతుంది, కనుక బేరింగు అండర్‌సైజుది కావాలి.

మొదట ఒక వ్యాపారి పంపిన డబ్బాపై ముప్పై అనే రాసి ఉన్నది. ఉస్తాద్ ఒక్కొక్క పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచారు. మూడు ముప్పైవి, ఒకటి నలభైది. "అన్నీ కొత్తవే కదా, నాలుగోదాన్ని కాస్త అరగదీసి వేయండి" అని ఆ వ్యాపారి ఫోనులో సలహా ఇచ్చాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఇవాళ నడుస్తుంది. రేపు గర్భిణిని ఎక్కించుకొని పోతుండగా దారిలో ఆగితే ఆ పాపం ఎవరిది?" అన్నారు. సరుకు వెనక్కు పంపాము.

తరువాత సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఒక చిన్న దుకాణదారు వద్ద పూర్తి సెట్టు దొరికింది. మేము అడగకముందే ఆయన, "ఇది చాలా ఏళ్ళ నాటి నిల్వ సరుకు. పిస్టన్లు బాగున్నాయి గాని రింగులకు తుప్పు పట్టింది, రింగులు వేరే చోట కొనుక్కోండి" అన్నారు. అమ్మే వస్తువులోని లోపాన్ని కొనేవానికి చెప్పడం వర్తకుని విధి అని మేము విద్యార్థులకు ఏటేటా బోధిస్తాము. ఆ పాఠం కౌంటరు వెనుక నిలబడి ఉండగా చూడడం మాకు వేరే అనుభవం. రింగుల బేరం ఆయన పోగొట్టుకున్నారు. గాస్కెట్లు, బేరింగులు మాత్రం మేము ఆయన వద్దే కొన్నాము.

బోల్టుల విషయమూ చెప్పాలి. ఈ పాత ఇంజనుకు అంగుళాల కొలత బోల్టులు. ఐదు బై పదహారు అంగుళాల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, నేటి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు దాని కవలలా ఉంటుంది. కాని మరల మధ్య దూరం వేరు. రెండు మూడు చుట్లు తిరిగి బిగిసినట్టే ఉంటుంది, బలవంతం చేస్తే లోపలి మరలను కోసేస్తుంది. పోలిక వేరు, పొందిక వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

పాలంపేటవారికి ఈ సంగతి కొత్త కాకూడదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరాన్ని నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. ఒక ఇటుక రాలితే, అదే పొడవు వెడల్పు గల మామూలు ఇటుక ఆ ఖాళీలో చక్కగా ఇముడుతుంది. కాని బరువు పొసగదు. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ ఈ ఆలయాలను పరిశీలించి, పటాలతో, ఛాయాచిత్రాలతో 1922లో పుస్తకం వెలువరించారు. ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేసినప్పుడే తరువాతివారు సరిగ్గా బాగుచేయగలరు.

విడిభాగానికి కూడా ఒక సనదు ఉండాలని మాకు తోచింది. హదీసు పాఠంలో ఈ మాట ఎవరి నుండి ఎవరికి చేరిందని అడిగినట్టే, ఈ ముక్క ఏ ఇంజనుది, ఏ కొలతది, ఎవరు ఎప్పుడు మార్చారు అని అడగాలి. జవాబు లేనిదాన్ని కొలవకుండా నమ్మరాదు.

పని ముగిశాక బిల్లులన్నీ, మిగిలిన పైకం ఆ సోదరికి అప్పగించాము. ఇప్పుడు బండి నడుస్తున్నది, పొగ లేదు. అంతకంటే విలువైనది మరొకటి జరిగింది. ఆ పనిదినాలన్నీ ఉస్తాద్ పక్కనే కూర్చున్న కుమారుడు ఒక నోటు పుస్తకంలో ఇంజను సంఖ్య, సిలిండర్ల కొలతలు, బేరింగు సైజు, బోల్టుల రకం, తేదీలు రాసుకున్నాడు. ఉస్తాద్‌కు ఎనభై దాటాయి. ఆయన చేతివేళ్ళలో ఉన్నది ఏ కర్మాగారమూ తిరిగి తయారు చేయలేదు. పాత స్కూటరో, కుట్టుమిషనో, నీటి మోటారో ఉన్న ప్రతి ఇంట్లో అటువంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టించండి. రాసే పని పిల్లలకు అప్పగించండి.