గుంత: నా మొదటి గేమ్ జామ్

మొన్న లాప్‌టాప్ మారుస్తూ పాత ఫోల్డర్లు సర్దుతుంటే నా చరిత్ర అంతా కళ్ళముందు కనపడింది. "కొత్త గేమ్", "కొత్త గేమ్ 2", "ఇదే అసలైంది", "ఖర్చుల యాప్", "ఖర్చుల యాప్ మళ్ళీ"... లెక్కపెడితే పదిహేడు. అన్నీ ఏదో ఒక శనివారం పొద్దున్న మహా ఉత్సాహంగా మొదలెట్టి, సోమవారం ఆఫీసుకెళ్ళగానే మర్చిపోయినవే. ఏది తెరిచినా లాగిన్ స్క్రీను మాత్రం ముచ్చటగా ఉంటుంది. లాగిన్ అయ్యాక లోపల ఏమీ ఉండదు. మీ లాప్‌టాప్‌లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి, మొహమాటపడకండి :)

ఆ పదిహేడులో పూర్తయింది ఒక్కటే. దాని పేరు "గుంత". 2023 జూలైలో మా చెల్లీ నేనూ కలిసి 48 గంటల్లో చేశాం. చెల్లి అంటే బాబాయి కూతురు, ఇక్కడే హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది అప్పుడు.

గేమ్ జామ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒక టైము పెడతారు, ఆ టైము మొదలయ్యాక ఒక థీమ్ చెప్తారు, గడువు లోపల ఆ థీమ్ మీద ఆట ఒకటి తయారుచేసి ఇవ్వాలి. లూడమ్ డేర్ అని 2002లోనే ఇంటర్నెట్లో మొదలయింది. 2009 నుంచి గ్లోబల్ గేమ్ జామ్ అని ఒకే వారాంతంలో దేశదేశాల్లో జరిగేది ఇంకోటి ఉంది. మేం దిగింది జీఎంటీకే జామ్‌లోకి. "గేమ్ మేకర్స్ టూల్‌కిట్" అని యూట్యూబ్‌లో ఆటల డిజైన్ గురించి మంచి వీడియోలు చేసే మార్క్ బ్రౌన్ 2017 నుంచి నడుపుతున్నాడు. డబ్బు బహుమతులు లేవు, జడ్జీలు కోట్లు వేసుకుని రారు. పాల్గొన్నవాళ్ళే ఒకళ్ళ ఆట ఒకళ్ళు ఆడి మార్కులేసుకుంటారు. మా ఆఫీసు హాకథాన్లలో ఎవరి స్లైడ్లు బావుంటే వాళ్ళే గెలుస్తారు కాబట్టి, ఈ పద్ధతి వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం రాత్రి థీమ్ వచ్చింది. "రోల్స్ రివర్స్‌డ్". అంటే పాత్రలు తారుమారు అన్నమాట.

చెల్లి పొద్దున్న వస్తానంది. ఈలోగా ఐడియా ఒకటి ఆలోచించి పెడదామని కూర్చున్నా. ఉద్యోగంలో చేరి అప్పటికి అయిదేళ్ళు. పేమెంట్లు, రిపోర్టులు, బ్యాచ్ జాబులు.. చాలానే చేశాను, మరీ తీసిపారేసేంత వెధవ ప్రోగ్రామర్‌ని కూడా కాదు. కానీ ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నా ఒక్క ఐడియా రాలేదు. నోట్‌ప్యాడ్ తెరిచి అలవాటు కొద్దీ "ఒక యూజర్‌గా నాకు..." అని టైప్ చేసి ఆగిపోయా. నాకేం కావాలి? ఈ ప్రశ్న అయిదేళ్ళలో నన్నెవరూ అడగలేదు. టికెట్ వస్తుంది, అందులో ఏం కావాలో రాసుంటుంది, ఎలా అన్నది మాత్రమే నేను తేల్చాలి. ఎలా అన్నదానికి నా దగ్గర వంద సమాధానాలున్నాయి. ఏమిటి అంటే మాత్రం బుర్ర ఖాళీ. నిజం చెప్పొద్దూ, కాస్త భయమేసింది. ఆ ఫోల్డర్లన్నీ ఎందుకు సగంలో ఆగిపోయాయో కూడా అప్పుడే కొంచెం అర్థమయింది. టైము లేక అని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

పొద్దున్న ఏడింటికి చెల్లి దిగింది. వాన. సగం తడిసి, ఒక చేతిలో పిన్ని పంపిన జంతికల డబ్బా, ఇంకో చేత్తో నడుం పట్టుకుని.

"అన్నయ్యా, మీ వీధి మొదట్లో గుంత ఉంది చూడు, అది మామూలు గుంత కాదు. నీళ్ళ కింద దాక్కుని నా ఆటో కోసమే కాచుకుని కూర్చుంది."

అంతే, ఆట దొరికేసింది. మామూలుగా బండి మనం నడుపుతాం, గుంత తప్పించుకుంటాం. ఇక్కడ మనమే గుంత. రోడ్డు మీద అటూ ఇటూ జరుగుతూ వచ్చే బండ్లని పట్టుకోవాలి. పడినవాడికి నడుం పడుతుంది, స్కోరు లెక్క కూడా నడుముల్లోనే. వాన పడితే నీళ్ళు నిండి ఎవడికీ కనపడం, అది మన పండగ. అప్పుడప్పుడూ మునిసిపాలిటీ లారీ వచ్చి తారు పోసి మనల్ని పూడ్చేస్తుంది. ఆట అయిపోయినట్టే, కానీ ఇంకో వాన పడగానే తారు కొట్టుకుపోయి మళ్ళీ బతుకుతాం. ఇదంతా చెల్లి జంతికలు నములుతూ పది నిమిషాల్లో చెప్పింది. నేను రాసుకున్నా.

ఇక నా ప్రతాపం మొదలయింది. గోడో ఇంజన్ వాడదామనుకున్నాం. జామ్ మొదలయ్యే ముందు రోజే, అంటే జూలై 6న, దాని 4.1 వెర్షన్ వచ్చింది. కొత్తది వేసుకోవాలా వద్దా అని ఒక గంట. తర్వాత బండ్ల రకాలన్నీ ఒక కాన్ఫిగ్ ఫైల్లోంచి చదివేటట్టు, రేపు లెవెల్స్ పెంచాలంటే కోడ్ ముట్టుకోనక్కర్లేకుండా ఒక ఏర్పాటు చేశా. రేపు ఏంటి, నా మొహం! రేపు రాత్రికి గడువు. మధ్యాహ్నం రెండింటికి నా దగ్గర చక్కటి ఆర్కిటెక్చర్ ఉంది, స్క్రీన్ మీద ఒక బూడిదరంగు చతురస్రం ఉంది.

"అన్నయ్యా, ఇది ఎప్పుడు ఆడొచ్చు?" అంది చెల్లి.

"బేస్ అవ్వనీ. నీ బొమ్మల ఈటీఏ ఎంత?"

అది అప్పటికే ఆటో, స్కూటర్, స్కూటర్ మీద ముగ్గురు, పాలబండి గీసేసి, ఎవరూ అడక్కుండానే ఒక ఆవుని కూడా గీసింది. నడిరోడ్డు మీద కాళ్ళు ముడుచుకుని, ప్రపంచంతో పని లేనట్టు నెమరేస్తున్న ఆవు. ఆ మొహంలో తృప్తి చూసి తీరాలి. కానీ నేనేమన్నానో తెలుసా? "అది స్కోప్‌లో లేదు, తర్వాత చూద్దాం" అన్నా. తలెత్తకుండా అన్నా. మళ్ళీ అరగంటకి "ఇంకా బ్లాకర్స్ ఏమైనా ఉన్నాయా?" అని కూడా అడిగా.

చెల్లి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నువ్వు ఫోన్లో మీ ఆఫీసు వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు అన్నయ్యా. నేను సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళిపోతా" అంది.

కోపంగా అనుంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. మామూలుగా అంది. అంతకు నెల ముందే మా లీడ్ ఒకాయన గురించి దాని దగ్గరే గంటసేపు ఏడ్చాను.. ఏం చెప్పినా తలెత్తకుండా స్కోప్‌లో లేదంటాడు, మనిషిని మనిషిలా చూడడు అని. ఆయనకి పదిహేనేళ్ళు పట్టిందేమో అలా మారడానికి, నాకు ఒక్క పూట సరిపోయింది. అది కూడా జీతం లేని పనికి, సొంత చెల్లెలి మీద. థీమ్‌కి తగ్గట్టు పాత్రలు బానే తారుమారయ్యాయి.

టీ పెట్టి, సారీ చెప్పి, ఆ కాన్ఫిగ్ ఏర్పాటంతా తీసేశా. తీసేస్తుంటే నొప్పిగానే ఉంది, అబద్ధమెందుకు. తర్వాత గంటన్నరలో, ఒకే ఫైల్లో, ఆఫీసులో ఎవరికైనా చూపిస్తే ఉద్యోగం పోయేంత ఘోరమైన కోడ్‌తో, గుంత కదిలింది. ఒక స్కూటర్ వచ్చి అందులో పడింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. హాస్టల్ ప్రయాణం ఆగింది.

పడుకునే ముందు చెల్లి తన లాప్‌టాప్‌లో ఆడితే బండ్లు ఎడ్లబండ్లలా వస్తున్నాయి. నా దాంట్లో రయ్యిమని పోతున్నాయి. చూస్తే, నా మానిటర్ సెకనుకి 144 ఫ్రేములు, తనది 60. బండి వేగాన్ని డెల్టాతో, అంటే రెండు ఫ్రేముల మధ్య గడిచిన టైముతో గుణించడం మర్చిపోయా. గేమ్ ప్రోగ్రామింగ్‌లో మొదటి పాఠం ఇది. అయిదేళ్ళ అనుభవం అన్నాను కదా పైన, ఆ మాట కాస్త మనసులో పెట్టుకోండి.

రాత్రి ఆరు గంటలు పడుకున్నాం. నిద్ర మానేసి, కాఫీలు తాగి చేస్తేనే జామ్ అన్నట్టు కొందరు గొప్పగా చెప్పుకుంటారు, నాకది నచ్చదు. ఆఫీసులో రిలీజు ముందు రాత్రి చేసేదే ఇక్కడా చేస్తే ఇంక సెలవెందుకు? 2024లో ఈ జామ్‌కి నాలుగు రోజులిచ్చారు, మంచి పని చేశారు.

ఆదివారం శబ్దాల మీద గడిచింది. ఆటల శబ్దాలకి ఎస్‌ఎఫ్ఎక్స్ఆర్ అని ఒక చిన్న పరికరముంది, 2007లో లూడమ్ డేర్ కోసమే ఒకాయన రాసి పెట్టింది. బటన్ నొక్కితే పేలుళ్ళు, బీప్‌లు పుట్టిస్తుంది. కానీ దాంట్లో ఆటో హారన్ ఎక్కడ దొరుకుతుంది? చెల్లి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకెళ్ళి రికార్డ్ చేసుకొచ్చింది. "అమ్మో నా నడుం" అన్నది మాత్రం నా గొంతే.

ఆవు విషయానికొస్తే, పెట్టాం. ఆవు రోడ్డు మీద కూర్చుంటే బండ్లన్నీ పక్కకి తిరిగి, తిన్నగా గుంతలోకి వస్తాయి. అంచేత ఆట మరీ తేలికైపోయింది. బాలెన్స్ చేయడానికి టైము లేక అలాగే వదిలేశాం.

చివరి రెండు గంటలు మాత్రం నరకం. తప్పు నాదే, అప్పటిదాకా ఒక్కసారి కూడా బ్రౌజర్ కోసం ఎక్స్‌పోర్ట్ చేసి చూడలేదు. మొదట తెల్ల స్క్రీను. షేర్డ్ అర్రే బఫర్ అని అప్‌లోడ్ చేసే పేజీలో ఒక టిక్కు పెట్టాలట, అది తెలిసేసరికి నలభై నిమిషాలు. తర్వాత ఆట వచ్చింది గానీ, పైన పేరు ఉండాల్సిన చోట మూడు డబ్బాలు! చెల్లి పట్టుబట్టి "గుంత" అని తెలుగులో రాయించింది. నా కంప్యూటర్లో సిస్టమ్ ఫాంటు అరువు తెచ్చుకుని చూపించింది కాబట్టి బానే కనపడింది, బ్రౌజర్లో ఆ అప్పు పుట్టదు. ఇంగ్లీషులో మార్చేద్దామా అని నోటిదాకా వచ్చి మింగేశా. రామభద్ర ఫాంటు తెచ్చి ప్రాజెక్టులో కలిపితే, లావుపాటి అక్షరాలతో సున్నా, కొమ్ము సహా దర్జాగా వచ్చింది. గోడో పాత 3 వెర్షన్‌లో మన గుణింతాలూ ఒత్తులూ సరిగ్గా కుదిరేవి కావు, 4లో అది బాగుచేశారు. గడువుకి పదకొండు నిమిషాల ముందు పంపించాం.

ఆ జామ్‌కి ఆరు వేల పైచిలుకు ఆటలొచ్చాయి. మాదాన్ని ఆడి మార్కులేసింది 31 మంది. ర్యాంకు రెండు వేల చిల్లర. చిన్నప్పట్నుంచీ ర్యాంకుల మధ్య పెరిగిన ప్రాణం కాబట్టి, రెండ్రోజులు పేజీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నా. బాబా ఈజ్ యూ 2017లో నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టింది, సెలెస్ట్ మొదటి రూపం నాలుగు రోజుల్లో చేసింది. ఇవన్నీ చదివి మనసులో ఏవో ఆశలుంటాయి కదా. అలాంటిదేం జరగలేదు. ఒకాయన స్కూటర్ మీద ముగ్గురు ఎక్కడం బగ్గా అని అడిగాడు. మిగతా కామెంట్లలో సగం ఆవు గురించే.

ఈమధ్య ఒక కొలీగ్‌కి ఇదంతా చెప్తే, ఇప్పుడైతే ఏఐకి చెప్తే గంటలో రాసిపెడుతుంది కదా అన్నాడు. రాస్తుందేమో. కోడ్ మాకు కూడా గంటన్నరే పట్టింది. శుక్రవారం రాత్రి నోట్‌ప్యాడ్ ముందు నేను కూర్చున్న గంటలని అది ఏం చేస్తుందో అతనికి అడగాలనిపించింది గానీ, మీటింగ్ టైమయింది.

కొత్త లాప్‌టాప్‌లోకి ఆ ఒక్క ఫోల్డరే కాపీ చేశా. చేస్తూ బొమ్మల ఫైళ్ళ పేర్లు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆటో, స్కూటర్, పాలబండి, అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆవు బొమ్మకి చెల్లి పెట్టిన పేరు "ఆవు_స్కోప్‌లో_లేదు".