నక్షాలో లేని చెట్టు

మా అబ్బా ఇంటి నక్షా మొన్న వాట్సాప్‌లో వచ్చింది. మలక్‌పేటలో పాత పెంకుటిల్లు. పడగొట్టి బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారు. అన్నలిద్దరూ దస్తఖత్ చేసేశారు, నాదొక్కటే బాకీ. ఆడపిల్ల హిస్సా సగమే అయినా దస్తఖత్ మాత్రం పూర్తిగా కావాలి గదా!

నక్షాలో అన్నీ ఉన్నాయి. లిఫ్టు, సంపు, కింద కార్ల పార్కింగు. బాత్రూముల్లో సీటు ఖిబ్లా వైపు రాకుండా భాయిజాన్ దగ్గరుండి రెండుసార్లు గీతలు మార్పించారట. సహన్‌లో ఉన్న చింతచెట్టు మాత్రం లేదు. అది ఉన్న చోట నాలుగో నంబరు కారు నిలబడి ఉంది.

ఫోన్ చేశాను.

"చెట్టేది భాయిజాన్?"

"ఏ చెట్టు?" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "దానికి వేరే పర్మిషన్ ఉంటదంట బేటా. ప్లాన్ పాసైనంక తీస్కుంటరంట."

ఆయన తప్పేమీ లేదు, బిల్డర్ చెప్పిందే చెప్పారు. కానీ ఆ 'పాసైనంక' దగ్గర నా మనసు ఆగిపోయింది.

దాదీ దుల్హన్‌గా ఆ ఇంట్లోకి వచ్చేనాటికే అది పెద్ద చెట్టట. ఏటా చిగురేసే రోజుల్లో మా ఇంట్లో చిగుర్ గోష్త్ వండితే మొహల్లా సగానికి టిఫిన్ డబ్బాలు వెళ్ళేవి. కోమటి ఆంటీ గోష్త్ తినదు గనక ఆమెకు ఉత్త చిగురు. మగ్రిబ్ అజాన్ అయ్యాక చెట్టు కింద నిలబడితే జిన్నాత్ పడతాయని అమ్మీ భయపెట్టేది. ఆ భయంతో ఇంట్లోకొచ్చి చదువుకున్నాం గనక జిన్నాత్‌కు షుక్రియా చెప్పాల్సిందే.

మర్హూమ్ అబ్బా మమ్మల్ని చిన్నప్పుడు ఒకసారి ఉస్మానియా దవాఖానాకు తీసుకెళ్ళారు, ఎవరినో చూడ్డానికి. తిరిగొచ్చేటప్పుడు ఆ ఆవరణలో ఉన్న పాత చింతచెట్టు దగ్గర నిలబెట్టారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుఘ్యానీ వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ కొమ్మలెక్కి జాన్ కాపాడుకున్నారు. వేలమంది కొట్టుకుపోయారు. శాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. "మనింట్లో ఉన్నది దీని చెల్లెలు," అనేవారు అబ్బా. మేం నమ్మేశాం.

ఆ చెట్టు దవాఖానా ఆవరణలో ఉంది కాబట్టి నిలిచింది. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న హాతియాఁ కా ఝాడ్, ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ బావొబాబ్, ఖిలా గోడల లోపల ఉంది కాబట్టి నాలుగు వందల ఏళ్ళు దాటినా నిలిచింది. చేవెళ్ళ రోడ్డు మీది మర్రిచెట్లకు గోడ లేదు. రోడ్డు వెడల్పు చేసే నక్షా ముందు తయారైంది, దాదాపు 900 మర్రిచెట్ల గురించి తర్వాత ఆలోచించారు. వాటి కోసం జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళతరబడి కొట్లాడాల్సి వచ్చింది. ఇక ఇళ్ళ సహన్‌లలో ఉన్న చెట్ల కోసం ట్రిబ్యునల్‌కు ఎవరు పోతారు?

కానూన్ లేదని కాదు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ఇజాజత్ లేకుండా చెట్టు కొట్టకూడదు. కానీ ఆ ఇజాజత్ అడిగేది ఎప్పుడు? ప్లాన్ పాసయ్యాక, అడ్వాన్సు చేతులు మారాక, పిల్లర్లకు సున్నం గీతలు పడ్డాక. అప్పుడు వచ్చే అధికారి చెట్టు ఉండాలా వద్దా అని ఏం ఆలోచిస్తాడు, బదులుగా ఎన్ని మొక్కలు నాటుతారని అడుగుతాడు. లేదా వేళ్ళతో పెకలించి ఇంకోచోట పాతమంటాడు. కొమ్మలన్నీ నరికి మొండెంగా తీసుకెళ్ళి నాటిన చెట్లను చూశాను. అందులో కొన్ని చిగురిస్తాయి, నిజమే. మా సందులోకి ఆ క్రేన్ రాదు.

మహారాష్ట్రలో 2021లో కానూన్ మార్చారు. పట్టణాల్లో 50 ఏళ్ళు దాటిన చెట్టును వారసత్వ వృక్షమన్నారు. కొట్టక తప్పకపోతే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. దాంతో చెట్టు ఉమర్ ఎంతని ఎవరో ఒకరు అడగాల్సి వస్తుంది. మన హైదరాబాద్‌లోనూ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన అని ఒకటి ఉండేది. 1995 నుంచి పాత ఇమారత్‌లను జాబితాలో చేర్చి కాపాడేది. కొన్ని రాళ్ళగుట్టలను కూడా చేర్చారు. రాళ్ళకే జాబితాలో చోటు దొరికినప్పుడు ప్రాణమున్న చెట్లకు ఎందుకు దొరకదు? ఆ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో వారసత్వ చట్టం వచ్చింది. అయినా నాకు పెద్ద జాబితా కూడా అక్కర్లేదు. ఇల్లు కట్టే స్థలంలో ఇన్నేళ్ళు దాటిన చెట్టుంటే నక్షాలో దాన్ని గుర్తించాలి, గుర్తించని నక్షా పాస్ కాకూడదు. ఇంతే.

ఈ మాట భాయిజాన్‌తో అంటే "ఇవన్నీ సర్కారీ మాటలు" అన్నారు. "మన దీన్‌లోనివే," అన్నాను.

మక్కా ఫతహ్ అయినప్పుడు రసూలుల్లాహ్ (స) ఆ హద్దుల లోపల చెట్లు నరకొద్దని ఎలాన్ చేశారు. వెంటనే హజ్రత్ అబ్బాస్ (రజి) లేచి ఇజ్ఖిర్ గడ్డికి మినహాయింపు అడిగారు, కమ్మరులకూ ఇళ్ళకూ అది కావాలి గనక. రసూలుల్లాహ్ ఇచ్చారు. నాకు ఈ హదీసులో బాగా నచ్చేది ఈ రెండో భాగమే. ముందు హద్దు గీశారు. జరూరత్ ఉన్నవాళ్ళు వచ్చి అడిగారు, అవసరమైనంత ఇచ్చారు. మన దగ్గర తర్తీబ్ తిరగబడింది. ముందు జరూరతంతా నక్షాలో గీసేసి, మిగిలితే చెట్టు.

భాయిజాన్ జరూరత్ చిన్నది కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. మోకాళ్ళతో మెట్లెక్కలేరు. కొడుకు నికాహ్ ఇల్లు లేకే ఆగింది. నేను దస్తఖత్ ఆపితే మొహల్లాలో నా పేరేమవుతుందో కూడా తెలుసు.

జుమా తర్వాత వాళ్ళింటికే వెళ్ళాను. వదినమ్మ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. "ఖిబ్లా కోసం రెండుసార్లు మార్పించారు గదా, ఒక్కసారి చెట్టు కోసం మార్పించండి," అన్నాను. నక్షా గీసినతన్ని ఫోన్‌లో అడిగారు. వెనక వైపు పిల్లర్లు లోపలికి జరపాలి, వేళ్ళకు చోటు వదలాలి, ఒక పార్కింగ్ పోతుంది, ప్రతి అంతస్తులో వెనక ఫ్లాటు ఒక గది తగ్గుతుంది అన్నాడు.

"ఆ వెనక ఫ్లాటు ఎవరు తీస్కుంటరు?" అన్నారు భాయిజాన్.

"నా హిస్సాలో వేయండి. కారు కూడా నాకు లేదు."

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీద ఉన్న నక్షాలో నాలుగో నంబరు కారు మీద పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టారు. వంకరగా వచ్చింది. పక్కన ఉర్దూలో 'ఇమ్లీ' అని రాశారు.

కొత్త నక్షా ఇంకా రాలేదు. వచ్చాక దస్తఖత్ చేస్తాను, ఇన్షాఅల్లాహ్.